తొందరపడి పెట్టిన సున్నా

నా బిడ్డ లెక్కల గ్రూపు వదిలేస్తానన్న రోజే, దానికి కారణం నేనని నాకు తెలుసు. ఒప్పుకోవడానికి మాత్రం వారం పట్టింది.

తనది ఇంటర్ మొదటి సంవత్సరం. నేను ఫస్టు షిఫ్టు దిగి క్వార్టర్‌కు వచ్చేసరికి నోటుబుక్కుతో వాకిట్లో కూర్చుంది. ఎక్స్ స్క్వేర్‌కు డెరివేటివ్ కనుక్కోవాలి, అదీ లిమిట్ నిర్వచనం నుంచి. నేను డిగ్రీలో లెక్కలు చదివినవాణ్ని. బొగ్గుబాయి పనిలో ఇన్నేళ్లు గడిచినా ఆ గొప్ప పోలేదు. పెన్ను గుంజుకున్నాను. ఎక్స్ ఉన్నచోట ఎక్స్ ప్లస్ హెచ్ పెట్టి, తేడా తీసి, హెచ్‌తో భాగించాలి. ఆఖరున హెచ్‌ను సున్నా చెయ్యాలి. నేను ఆ సున్నాను మొదటి వరుసలోనే పెట్టేశాను. సున్నా బై సున్నా వచ్చింది.

"గిదేంది బాపు, ఏం మిగల్లే?"

"నువ్వే తప్పు రాసుకొచ్చినవ్. క్లాసుల చెవులు ఏడ పెట్టినవ్?"

గోడవతల పక్క క్వార్టరతను పకపకా నవ్వాడు. బిడ్డ పుస్తకం మూసేసింది. ఆ తర్వాత నన్నేమీ అడగలేదు. కొన్నాళ్లకు వాళ్లమ్మతో, "నాకు లెక్కలు ఎక్కవ్, సీఈసీల చేరుత" అంది.

బాయిలో పైకప్పు ఎంత దిగుతోందో కొలవడం నా డ్యూటీ. నేల నుంచి కప్పుదాకా రాడ్డు నిలబెట్టి కొలత రాసుకుంటాం. కొంతసేపాగి మళ్లీ కొలుస్తాం. ఆ వారంలో ఒకరోజు మొదటి కొలత రాసుకొని, రాడ్డు పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను. ఇప్పుడే మళ్లీ కొలిస్తే తేడా సున్నా, గడిచిన సమయమూ సున్నా. కప్పు సంగతి ఏమీ తెలియదు. కొంచెమైనా సమయం గడవాలి, తేడాను దానితో భాగించాలి. ఆ వ్యవధిని తగ్గించుకుంటూ పోతేనే ఈ క్షణాన కప్పు ఎంత వేగంగా దిగుతోందో తెలుస్తుంది. ఆ వ్యవధే హెచ్. దాని పని అది చేయకముందే నేను తుడిచేశాను. పైగా బిడ్డను తిట్టాను.

ఇంటికి వచ్చేసరికి గ్రూపు మార్పు దరఖాస్తు బల్ల మీద ఉంది. మరునాడే ఇవ్వాలి.

"బిడ్డా, గా రోజు తప్పు నాది. నా తప్పు కప్పిపెట్టుకుంట నీ మీద ఒర్లిన."

తను పక్క క్వార్టర్ గోడవైపు చూపించింది. "గిదే మాట కాకకు గూడ చెప్తవా?"

గోడ దగ్గరికి వెళ్లి చెప్పాను. "తమ్మీ, మొన్న లెక్క తప్పింది నేనే."

"నాకు లెక్క ఏమెర్కనే అన్నా! నువ్వు ఒర్లుతుంటె నవ్విన."

బిడ్డ నవ్వింది. ఇద్దరం కూర్చున్నాం. తేడా తీస్తే రెండు ఎక్స్ హెచ్, హెచ్ స్క్వేర్ మిగిలాయి. హెచ్‌తో భాగిస్తే రెండు ఎక్స్ ప్లస్ హెచ్.

"ఇగ పెట్టాల్నా సున్నా?"

"ఇగ పెట్టు."

రెండు ఎక్స్. ఆ వరుసలను వేలితో పైనుంచి కిందికి మళ్లీ చూసుకుంది. తర్వాత ఎక్స్ క్యూబ్ తనే మొదలుపెట్టింది. మధ్యలో ఒకచోట ఆగితే నా నోరు తెరుచుకుంది. "చెప్పకు బాపు" అంది. చెప్పలేదు. కొంచెం ఆలస్యంగానైనా తనకే వచ్చింది.

దరఖాస్తు సంగతి నేను అడగలేదు. తనే అంది: "పరీక్షల దాంక చూస్త. రేపు రూట్ ఎక్స్ చేద్దాం. నీకు రాకుంటె రాదని ముందుగాల్నే చెప్పు."

"రాదు బిడ్డా" అన్నాను.