మౌసు కింద పెట్టిన బొట్టు

ఆమె మా మరిది పెళ్లాం. నాకంటే పదేళ్లు చిన్నది. కళ్యాణదుర్గంలో రైతుల అర్జీలు ఎక్కించే కంప్యూటర్ సెంటర్‌లో ఆమె కుర్చీలో కూర్చుంటుంది, నేను కసువు ఊడుస్తాను. నన్ను ఆ పనిలో పెట్టించింది కూడా ఆమే. అందుకే ఇంకా మండుతుంది. వచ్చినవాళ్లు ఆమెను మేడమ్ అంటారు, నన్ను పక్కకు జరగమంటారు. ఆమె వేళ్లు మీటల మీద పరుగెత్తుతుంటే చూడలేక, దుమ్ము లేచేలా ఊడ్చేదాన్ని.

కంప్యూటర్ మొరాయిస్తే ఆమె కంగారుపడదు. వైర్లు నొక్కి చూస్తుంది. కాకపోతే ఆపేసి, కాసేపాగి మళ్లీ వేస్తుంది. సగం రోగాలు దానికే పోతాయి.

ఆయుధపూజ నాడు యజమాని కుంకుమ గిన్నె ఆమె చేతికే ఇచ్చాడు. మొగుడు పోయినదాన్ని, నేను గడప దగ్గరే నిలబడ్డాను. దినమూ తుడిచేది నేను, బొట్టు పెట్టేది ఆమె. అందరూ గుమ్మడికాయ కొట్టడానికి వీధిలోకి పోయినప్పుడు లోపలికి వెళ్లాను. తడి కుంకుమ వేలికద్దుకుని, ఎవరికీ కనపడకూడదని మౌసును తిరగేసి, కింద ఎర్రగా వెలిగే చోట బొట్టు పెట్టాను.

పండగ అయ్యాక సెంటర్ తీస్తే తెర మీద బాణం గుర్తు కదలలేదు. పంట నష్టం అర్జీలకు అదే ఆఖరు దినం. వాకిలి నిండా రైతులు.

"ఏమప్పా, మొన్న గుమ్మడికాయ దీని నెత్తినే కొట్టినారా?" అన్నాడొక పెద్దాయన.

ఆమె వైరు పీకి పెట్టింది. ఇంకో రంధ్రంలో పెట్టింది. ఆపి మళ్లీ వేసింది. బాణం అక్కడే ఉంది.

యజమాని గడియారం చూశాడు. "మధ్యాన్నానికి కాకపోతే అనంతపురం నుంచి వేరే పిల్లను పిలిపిస్తా. ఇంక నువ్వు వచ్చే పనిలేదు."

నాకు తెలుసు. బొట్టు పెట్టిన చోటు నా వేలికి గుర్తుంది. నోరు తెరిస్తే, ముండమోసింది ముట్టుకుంది కాబట్టే ఆగిందంటారు. ఆ భయం సగమే. ఆమె నుదుటి మీద చెమట చూస్తుంటే మిగతా సగం మనసుకు చల్లగా ఉంది. చీపురు పట్టుకుని అట్లే నిలబడ్డాను.

చివరికి ఆమె మౌసును తిరగేసింది. ఎండిన కుంకుమను చూసింది, నా వైపు చూసింది. కొంగు తడి చేసి తుడిచింది. బాణం కదిలింది.

"ఏమైంటాది?" అన్నాడు యజమాని.

"వైరు వదులైనాదన్నా."

టీ తాగేటప్పుడు నా పక్కన కూర్చుని మెల్లగా అంది: "అక్కా, వచ్చే ఏడు బొట్టు నువ్వే పెట్టు, మౌసు వీపు మీద. కంటి మీద పెడితే దానికెట్ల కనపడతాది?"

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తన ఉద్యోగం పోయేదాకా తెచ్చినా నా పరువు కాపాడింది. ఆ గుణం కూడా ఆమెకే దక్కిందే అని ఇప్పటికీ కుళ్లుకుంటున్నాను. ఇప్పుడు పొద్దున వెళ్లగానే అన్నిటికంటే ముందు ఆమె మౌసునే తిరగేసి తుడుస్తాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.