మైకుకి ముందు వైపు

ఆ పిల్లకి ఆరో ఏటి నుంచీ మైకులో మాట్లాడటం అలవాటు. మాట్లాడటమంటే ఎంతో కాదు. స్టూలు మీద నిలబడి, "ఒకటి, రెండు, మూడు... వినపడుతోందా?" అనడం. హాలు చివర నిలబడ్డ తండ్రి చెయ్యెత్తేవాడు. చెయ్యి లేవగానే పిల్ల స్టూలు దిగి, దాన్ని చంకన పెట్టుకుని తెర వెనక్కి పోయేది. ఆ తర్వాత అసలు మాట్లాడవలసినవాళ్ళు వచ్చి గంటలు గంటలు మాట్లాడేవాళ్ళు. పెళ్ళయినా, సభయినా, బడిపిల్లల నాటకమైనా ఇదే వరస. వాళ్ళది మైకుసెట్టు షాపు. పద్దెనిమిదేళ్ళు నిండేసరికి ఏ వెయ్యిసార్లో మైకు ముందు నిలబడి ఉంటుంది గానీ, ఆ నాలుగు మాటలు దాటి అయిదో మాట అన్న పాపాన పోలేదు.

ఊళ్ళో ఆమెని అందరూ మైకమ్మ అనేవాళ్ళు. ముచ్చటపడి పేరు పెట్టిన నాయనమ్మ కూడా ఆ పేరు మర్చిపోయి మైకమ్మా అనే పిలిచేది. బడిలో మాస్టారు హాజరు వేస్తూ అసలు పేరు చదివితే, ఎవరబ్బా అని ఈ పిల్లే పక్కకి తిరిగి చూసేది. అందుకే దూరపు ఊళ్ళో కాలేజీ సీటు వచ్చిన రోజున, పెట్టె సర్దుకుంటూ గట్టిగా అనుకుంది. మైకమ్మని ఈ ఇంట్లోనే వదిలేయాలి. అక్కడ బస్సు దిగేది ఇంకెవరో కావాలి.

ఎవరు కావాలన్నదే తేలలేదు.

ముందు పుస్తకాల పురుగు అవుదామనుకుంది. లైబ్రరీ నుంచి ఇటుకంత పుస్తకం తెచ్చి, ఎక్కడికి వెళ్ళినా గుండెలకి హత్తుకుని తిరిగింది. ఎనిమిది రోజులు తిరిగితే చేతులు పీకాయి తప్ప పదకొండో పేజీ దాటలేదు. తర్వాత పొద్దున్నే లేచి పరుగెత్తే మనిషి అవుదామనుకుంది. రెండో రోజుకే మోకాలు పట్టేసింది. ఆ తర్వాత పాలూ పంచదారా లేని కాఫీ తాగే మనిషి అయింది. మొదటి గుక్కకి ఆమె మొహం చూసి, హాస్టల్లో తన గదిలోనే ఉండే పొడుగమ్మాయి మంచం మీద పడి నవ్వింది.

ఆ పొడుగమ్మాయి ఒక బేకరీ ఆయన కూతురు. ఎంత పొడుగంటే, ఏ గుమ్మం కనపడినా ముందుజాగ్రత్తగా తల వంచేది.

"ఒసే, నాకో డౌటు. నువ్వసలు ఎవరివే?"

"అది తెలిస్తే ఈ కషాయం ఎందుకు తాగుతాను?"

"తొందరగా తేల్చుకో మరి. శుక్రవారం దగ్గరికొచ్చేసింది."

శుక్రవారం మాట వినగానే ఆమె కాఫీ గ్లాసు పక్కన పెట్టేసింది. ఆ కాలేజీలో ఒక పద్ధతి ఉంది. మొదటి నెల ఆఖరి శుక్రవారం నాడు కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ పెద్ద హాల్లో స్టేజీ ఎక్కి, తామెవరో రెండు నిమిషాల్లో చెప్పాలి. ఆ రోజు పడిన ముద్ర నాలుగేళ్ళూ ఉంటుందట. పై తరగతి అక్క ఒకామె భోజనాల దగ్గర కూర్చోబెట్టి మరీ చెప్పింది. "మా బ్యాచ్‌లో ఒకడు నాకు బల్లులంటే భయం అన్నాడమ్మా. అంతే. ఇప్పటికీ ప్రిన్సిపాల్ గారు కూడా వాణ్ణి బల్లి అనే అంటారు."

ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసింది. అవతల నాన్న గొంతు ఎప్పటిలా గోడలు దాటింది. పెద్ద పెద్ద స్పీకరు బాక్సుల మధ్య బతికిన మనిషి, మెల్లగా మాట్లాడటం ఎలాగో ఎప్పుడో మర్చిపోయాడు.

"నాన్నా, స్టేజీ మీద నా గురించి నేను చెప్పుకోవాలంట. ఏం చెప్పమంటావ్?"

"స్టాండు మైకా, చేతి మైకా?"

"అది కాదు నాన్నా, నేను మాట్లాడాలి."

"తెలిసిందమ్మడూ. స్టాండు మైకయితే ఒకలా నిలబడాలి, చేతి మైకయితే ఇంకోలా..."

తల్లి ఫోన్ లాక్కుంది. "మీ నాన్న సంగతి తెలుసుగా. ఆయనకి లోకమంతా వైర్లే. నువ్వు కంగారుపడకు, నీకేది తోస్తే అది చెప్పు." వెనక నుంచి నాన్న కేక వినపడింది. "ముందు వరసని చూడొద్దను. ఆఖరి వరసలో వాడి మొహం చూడమను. వాడికి వినపడితే అందరికీ వినపడినట్టే."

పనికొచ్చే ముక్క ఒక్కటీ చెప్పలేదని విసుక్కుంటూ ఫోన్ పెట్టేసింది. తర్వాత పొడుగమ్మాయీ తనూ కూర్చుని కాగితం మీద ఒక మనిషిని తయారుచేశారు. ఆ మనిషికి వానలంటే ఇష్టం, పుస్తకాలంటే ప్రాణం, ఏకాంతమంటే మక్కువ. చదువుతుంటే ఇద్దరికీ నిద్రొచ్చింది గానీ, ఎక్కడా మైకు ఊసు లేదు. అది చాలనుకుంది.

శుక్రవారం హాలు నిండిపోయింది. మొదటి అబ్బాయి నోరు తెరవగానే మైకు కీచుమని కూసింది. జనం చెవులు మూసుకున్నారు. రెండో అమ్మాయికీ అంతే. కింద కూర్చున్న మైకమ్మకి ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. బాక్సుల్ని మైకు వెనక పెట్టారు. అందులోంచి వచ్చిన చప్పుడు మళ్ళీ మైకులోకే పోతోంది, కూయక ఏం చేస్తుంది? చేతులు దురద పెడుతుంటే వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చుంది. నాకెందుకు? నాకు వానలంటే ఇష్టం, ఏకాంతమంటే మక్కువ.

అప్పుడు పక్కగది పిల్ల లేచింది. ఆమెది అసలే పిల్లిగొంతు, భోజనాల దగ్గర ఉప్పు అడిగినా ఎవరికీ వినపడదు. నాలుగు వాక్యాలు చెప్పింది. నాలుగింటినీ కూతే మింగేసింది. వెనక నుంచి ఎవరో ఈల వేశారు, హాలంతా గొల్లుమంది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ దిగిపోయింది.

"తర్వాత?" అన్నారు లెక్కల మేడమ్, చేతిలో గడియారం పట్టుకుని.

మన పిల్ల స్టేజీ ఎక్కింది. కాగితం విప్పింది. మైకుకి దగ్గరగా మూతి పెట్టింది. పన్నెండేళ్ళ అలవాటు ముందు నెల రోజుల సాధన ఏపాటి?

"ఒకటి, రెండు, మూడు... వినపడుతోందా?"

మైకు కీచుమంది. ఆమె కళ్ళు ఆఖరి వరసకి పోయాయి. అక్కడెవరో, వెటకారానికో ఏమో, చెయ్యెత్తారు. చెయ్యి లేవగానే కాళ్ళు వాటంతటవే తిరిగాయి. చక్కగా నడుచుకుంటూ తెర వెనక్కి వెళ్ళిపోయింది.

హాల్లో లేచిన నవ్వుకి తెర కదిలింది.

తెర వెనక చీకట్లో నిలబడ్డాక గానీ ఏం చేసిందో ఆమెకి తెలియలేదు. తల కొట్టేసినట్టయింది. నాలుగేళ్ళు. బల్లి నయం. పక్క తలుపులోంచి జారుకుందామా అని చూస్తే, ఆ తలుపు దగ్గరే హాలు పనులు చూసే పెద్దాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన యాంప్లిఫయరు, దాని నిండా దుమ్ము.

"ఇది ఎప్పుడూ ఇంతే తల్లీ. నేను చేరినప్పటి నుంచీ కూస్తూనే ఉంది," అన్నాడాయన, తన తప్పేం లేదన్నట్టు.

"కూస్తే ఊరుకుంటారా బాబాయ్? లేవండి, ఓ చెయ్యి వెయ్యండి."

తన నోట్లోంచే వచ్చిన ఆ గొంతు ఎవరిదో ఆమె వెంటనే గుర్తుపట్టింది. నెల రోజులుగా ఎక్కడా వినపడని గొంతు.

ఇద్దరూ కలిసి బాక్సుల్ని ముందుకి ఈడ్చి, మొహాలు జనం వైపు తిప్పారు. ఒక మీట సగానికి తగ్గించింది, ఇంకోటి కాస్త పెంచింది. నవ్వులు ఇంకా ఆగలేదు. ఆ నవ్వుల్లోనే మళ్ళీ మైకు ముందుకొచ్చి నిలబడింది.

"మేడమ్, ఇందాకటి అమ్మాయి ఏం చెప్పిందో ఎవరికీ వినపడలేదు. ముందు ఆమెతో ఇంకోసారి చెప్పించండి."

కూత లేదు. మాట గంట కొట్టినట్టు హాలు చివరి దాకా వెళ్ళింది. నవ్వేవాళ్ళు నోళ్ళు మూశారు.

పిల్లిగొంతు పిల్ల బెదురుతూ వచ్చింది. తన తల్లి ఆస్పత్రిలో నర్సనీ, తను నిద్రలో లెక్కలు చేస్తుందనీ చెప్పింది. నిద్రలో లెక్కల దగ్గర లెక్కల మేడమే అందరికన్నా గట్టిగా నవ్వారు.

"ఇక నువ్వు," అన్నారావిడ గడియారం చూసుకుంటూ. "నీ టైము నువ్వే తినేశావ్. ఇరవై సెకన్లు మిగిలాయి."

కాగితం తెర వెనకే ఎక్కడో పడిపోయింది. వెతికే తీరిక లేదు.

"మాది మైకుసెట్టు షాపండీ. మా ఊళ్ళో నన్ను మైకమ్మ అంటారు. ఆరేళ్ళప్పటి నుంచీ మైకులో అంకెలే చెప్పాను. ఇంకో మాట చెప్పడం ఇదే మొదలు. వానలంటే నాకు పడదు, వైర్లు తడుస్తాయి." ఆగి ఆఖరి వరస వైపు చూసింది. "వినపడుతోందా?"

ఈసారి వరస వరసంతా చేతులెత్తింది.

ఆ రోజు నుంచీ ఆమె భోజనాలకి వస్తే చాలు, ఏదో ఒక బల్ల దగ్గర నుంచి "వినపడుతోందా?" అని కేక వస్తుంది. ఆమె పళ్ళెంలోంచి తల ఎత్తకుండానే చెయ్యెత్తుతుంది.

ఆ శుక్రవారం సాయంత్రం నాన్న తనే ఫోన్ చేశాడు.

"ఎంతసేపు మాట్లాడావమ్మడూ?"

"ఇరవై సెకన్లు."

"అంతేనా? సర్లే. ఆఖరి వరసకి అందిందా?"

"అందింది నాన్నా."

"బాక్సులు ఎక్కడ పెట్టారు?"

"ఆ కథ అడక్కు," అని మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "మైకు వెనక పెట్టారు నాన్నా. నువ్వు చూసుంటే ఏడ్చేవాడివి."

పొడుగమ్మాయి చెవులకి దిండు అడ్డం పెట్టుకుంది. గదిలో తండ్రీకూతుళ్ళిద్దరి గొంతులూ ఒక్కలాగే ఉన్నాయి.