ఇంజన్ మీద ఇంగ్లీషు, నేల మీద తెలుగు

1961 నాటికి నేను బిట్రగుంట లోకో షెడ్డులో ఐదేళ్ళుగా ఫస్ట్ ఫైర్‌మన్‌ని. ఆవిరి ఇంజన్ల రోజులవి. షెడ్డులో చేరినవాడు ముందు క్లీనర్‌గా ఇంజన్లు తుడుస్తాడు. ఆ తరువాత సెకండ్ ఫైర్‌మన్‌గా బొగ్గు పగలగొడతాడు. ఆపైన ఫస్ట్ ఫైర్‌మన్‌గా ఆ బొగ్గును పారతో ఇంజన్ పొయ్యిలోకి విసురుతాడు. దాని పైమెట్టు షంటర్. యార్డులో పెట్టెలను ముందుకూ వెనక్కూ జరిపే ఇంజన్ను షంటర్ చేతికిస్తారు. అక్కడి నుంచి డ్రైవర్. ఈ మెట్లన్నింటిలో అసలు తేడా ఫైర్‌మన్‌కూ షంటర్‌కూ మధ్యనే ఉంది. ఫైర్‌మన్ చేతిలో పార ఉంటుంది, షంటర్ చేతిలో రెగ్యులేటర్ ఉంటుంది. రెగ్యులేటర్ అంటే సిలిండర్లలోకి ఆవిరిని వదిలే పొడవాటి పిడి. అది లాగితే బండి కదులుతుంది. ఏళ్ళ తరబడి పార పట్టినవాడికి ఆ పిడి మీద ఎంత ఆశ ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

మా తండ్రిగారు కావలిలో రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవారు. నేను ఎనిమిదో తరగతి వరకూ తెలుగులోనే చదివాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాణ్ణి గానీ మాట్లాడదామంటే నోరు పెగిలేది కాదు. షంటర్ పరీక్షలో రాత ఉండదు. అసిస్టెంట్ మెకానికల్ ఇంజనీరు ఎదురుగా కూర్చుని అడుగుతారు, మనం నోటితో చెప్పాలి. ఆ సంవత్సరం వచ్చిన ఇంజనీరు గారు ఉత్తరాది మనిషి. తెలుగు రాదు, అరవం రాదు. చెప్పేదేదో ఇంగ్లీషులోనే చెప్పాలి.

ఆగస్టులో మొదటిసారి పిలిచారు. పేరు అడిగితే చెప్పాను. తరువాత అడిగినవన్నీ నేను రోజూ చేసే పనుల గురించేనని అర్థమవుతూనే ఉంది. జవాబు మాత్రం గొంతు దాటి రాలేదు. గోడ మీది గడియారం చూస్తూ నిలబడి, అలాగే బయటికొచ్చాను. రెండోసారి కూడా తప్పితే మూడేళ్ళ దాకా మళ్ళీ పిలవరు. అప్పటికే పొద్దున్నే లేస్తే నడుము పట్టేసేది. ఇంకో మూడేళ్ళు పార పట్టగలనా అని నిజంగానే భయం వేసింది.

నా డ్రైవర్ రోనీ దొర. ఆంగ్లో ఇండియన్. బిట్రగుంట రైల్వే కాలనీలోనే పుట్టి పెరిగిన మనిషి. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాడు, బజారుకొస్తే అచ్చం మా నెల్లూరు తెలుగు. ఆయన చేపల బేరం ఆడుతుంటే అమ్మే ఆడవాళ్ళే ముందు ఓడిపోయేవాళ్ళు. నేను పరీక్ష తప్పిన మర్నాడు ఇంజన్ ఎక్కబోతూ నా వైపు చూశాడు.

"ఏందబ్బా మస్తానూ, మొగం అట్టా పెట్టుకోనుండావు? మాట రాకపోతే నేర్చుకో. ఈ పొద్దు నుంచీ ఇంజన్ ఎక్కినాక తెలుగు మాట్లాడితే దించేస్తా. నేల మీద ఇంగ్లీషు మాట్లాడితే తంతా. దిగినాక కూడా పాఠాలు చెప్పడం నా వల్ల కాదు" అన్నాడు.

నేను సరే దొరా అన్నాను. అప్పటికింకా నేల మీదే ఉన్నాను కాబట్టి తెలుగులోనే అన్నాను.

ఇక్కడ మా వృత్తిలోని ఒక అలవాటు చెప్పాలి. బండి నడుస్తున్నప్పుడు సిగ్నల్ కనబడగానే డ్రైవర్ దాన్ని గట్టిగా పలుకుతాడు. స్తంభం మీది చెయ్యి కిందికి వాలి ఉంటే ఆఫ్, అంటే పోవచ్చు. అడ్డంగా ఉంటే ఆన్, అంటే ఆగాలి. బండిని స్టేషన్లోకి రానిచ్చే హోమ్ సిగ్నల్ చూసి డ్రైవర్ "హోమ్ ఆఫ్" అని అరిస్తే ఫైర్‌మన్ తన కళ్ళతో కూడా చూసి "హోమ్ ఆఫ్" అని తిరిగి అరవాలి. ఏ మాటనైనా అంతే. తిరిగి పలకకపోతే విననట్టే లెక్క. ఇంజన్ చప్పుడులో మామూలు గొంతు పక్కవాడికి కూడా అందదు కాబట్టి అంతా అరుపే.

మా సంభాషణా పాఠాలు కూడా ఈ పద్ధతిలోనే సాగాయి. గూడ్సు బండి అల్లూరు రోడ్డు దాటగానే దొర "గుడ్ మార్నింగ్, మస్తాన్! హౌ ఆర్ యూ?" అని అరిచేవాడు. నేను "హౌ ఆర్ యూ!" అని తిరిగి అరిచి, ఒక పార బొగ్గు వేసి, "ఐ యామ్ వెల్, సర్!" అనేవాణ్ణి. తలమంచి దగ్గర తిండి సంగతులు, కొడవలూరు దగ్గర పెళ్ళాం బిడ్డల సంగతులు. పెన్న వంతెన మీద ఏ అరుపూ వినబడదు కాబట్టి అక్కడ సెలవు. వెంకటాచలం దాటాక నిన్న ఏం చేశావు, రేపు ఏం చేస్తావు. తప్పు పలికితే చేతులు తుడుచుకునే నూనె పీచు ముద్ద చేసి నా మీదికి విసిరేవాడు. మొదటి నెలలో గూడూరు చేరేసరికి నా చొక్కా చూస్తే ఇంజన్ను నాతోనే తుడిచినట్టు ఉండేది. ఇంజన్ వెనక బొగ్గు నింపే టెండర్ మీద బొగ్గు పగలగొట్టే సెకండ్ ఫైర్‌మన్, మా ఇద్దరికీ ఎండదెబ్బ తగిలిందని షెడ్డంతా చెప్పుకొచ్చాడు.

వేరే బండ్లకు దారి వదిలి పక్కనుండే లూప్ లైనులో గంటలకొద్దీ ఆగినప్పుడు దొర కిందికి దిగి బీడీ వెలిగించేవాడు. నేనూ దిగేవాణ్ణి. దిగామంటే తెలుగే. ఒకసారి నేను ఆశ కొద్దీ నేల మీద ఇంగ్లీషు ముక్క ఒకటి వాడితే నిజంగానే కాలెత్తాడు. అందువల్ల నిశ్శబ్దంగా ఉన్న చోట నేను ఒక్క ఇంగ్లీషు మాట కూడా మాట్లాడి ఎరగను. దాని ఫలితం ఏమిటో మా ఇద్దరికీ తట్టలేదు. డిసెంబరు వచ్చేసరికి నిన్న రాత్రి మా ఇంట్లో ఏ కూర వండారో, మా పెద్దమ్మాయి ఎందుకు అలిగిందో గుక్క తిప్పుకోకుండా అరవగలిగేవాణ్ణి. చెప్పొద్దూ, నా గురించి నాకే గర్వంగా ఉండేది.

జనవరిలో రెండో పిలుపు వచ్చింది. ఫోర్‌మన్ ఆఫీసు గదిలో మేజా వెనక ఇంజనీరు గారు, ఆయన పక్కన లోకో ఇన్‌స్పెక్టర్ సుబ్బరామిరెడ్డి గారు కూర్చుని ఉన్నారు. నేను లోపలికి అడుగు పెట్టి "గుడ్ మార్నింగ్, సర్!" అన్నాను. పక్క గదిలో టైపు మిషన్ చప్పుడు ఆగిపోయింది. ఇంజనీరు గారు ఉలిక్కిపడి, తమాయించుకుని, "సిట్ డౌన్" అన్నారు.

"సిట్ డౌన్, సర్!" అని నేను అంతకంటే గట్టిగా తిరిగి పలికాను.

ఆయన కూర్చునే ఉన్నారు. మొహం ఎర్రబడింది. "వై ఆర్ యూ షౌటింగ్?" అన్నారు.

"వై ఆర్ యూ షౌటింగ్, సర్!" అన్నాను. తరువాత జవాబు చెప్పాలి కదా, అదే తోచలేదు. ఇన్ని నెలల్లో దొర ఆ ప్రశ్న ఒక్కసారైనా అడిగి ఉంటే కదా!

ఇంజనీరు గారు కలం మూత పెట్టి బయట ఉండమని వేలితో చూపించారు. తనను ఎగతాళి చేస్తున్నాననే అనుకున్నారని ఆ తరువాత తెలిసింది. వరండాలో నిలబడ్డాను. మూడేళ్ళు అని మనసులో లెక్క పడిపోయింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. దొర మీద కోపం వచ్చింది. ఆయన ఆ వేళ బెజవాడ వైపు బండి మీద ఉన్నాడు కాబట్టి బతికిపోయాడు.

పావుగంటకు తలుపు తెరుచుకుంది. ఇంజనీరు గారు టోపీ పెట్టుకుని బయటికొచ్చారు, వెనకాల సుబ్బరామిరెడ్డి గారు. "ఈ పిల్లోడు ఇంజన్ మీద నేర్చుకోనుండాడని చెప్పినాలే. రా, నోరు మూసుకోని రా" అని రెడ్డి గారు నా చెవిలో అన్నారు. ముగ్గురం షెడ్డుకు నడిచాం. ఆవిరి పట్టి సిద్ధంగా ఉన్న ఒక ఇంజన్ మీద సేఫ్టీ వాల్వు బుస్సుమంటోంది. ఇంజనీరు గారు ముందు ఎక్కి, నన్ను ఎక్కమన్నారు.

ఆయన ఏదో అడిగారు. వినబడలేదు. ఇంకోసారి అడిగారు. చివరికి ఆయన కూడా అరవాల్సి వచ్చింది.

"స్టార్టర్ ఈజ్ ఆన్! గార్డ్ షోస్ గ్రీన్ ఫ్లాగ్! వాట్ విల్ యూ డూ?"

స్టార్టర్ అంటే స్టేషన్ నుంచి బయలుదేరడానికి అనుమతి ఇచ్చే సిగ్నల్. నేను ప్రశ్నంతా తిరిగి పలికి, "ఐ విల్ నాట్ మూవ్, సర్!" అన్నాను. బాయిలర్‌లో నీటి మట్టం చూపే గాజు గొట్టం పగిలితే ఏం చేస్తావన్నారు. చేతికి గోనె గుడ్డ చుట్టుకుని ముందు ఆవిరి కుళాయి, నీటి కుళాయి కట్టేస్తానని, రెండో గొట్టం చూసుకుంటూ నడుపుతానని చెప్పాను. ఇంగ్లీషులో చెబుతున్నానన్న సంగతే మరిచిపోయాను. అరగంట అడిగారు. చేతులు వాటంతట అవే పిడి మీదికీ, కుళాయిల మీదికీ పోతుంటే వాటి వెంటే మాట వచ్చింది.

ఆఖరున ఆయన దిగబోతూ ఆగి, "వాట్ డిడ్ యూ ఈట్ దిస్ మార్నింగ్?" అని అరిచారు.

"వాట్ డిడ్ యూ ఈట్ దిస్ మార్నింగ్! కర్డ్ రైస్ అండ్ మాంగో పికిల్, సర్!"

"మాంగో పికిల్!" అని ఆయన తిరిగి పలికారు. రెడ్డి గారు కండువా నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగారు. పాసయ్యానని నాకు అప్పుడే తెలిసిపోయింది, కాగితం వారం తరువాత వచ్చింది.

ఆ సాయంత్రం దొర బండి దిగి ప్లాట్‌ఫారం మీదే జరిగిందంతా చెప్పించుకున్నాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "గదిలో మెల్లగా మాట్లాడాలని నేను చెప్పలేదు, నువ్వు అడగలేదు. తప్పు నాది కూడా ఉండాదిలే" అన్నాడు. నేను ఎంతగానో సాధన చేసుకున్న ఒక ఇంగ్లీషు వాక్యంతో కృతజ్ఞత చెప్పబోయాను. ఆయన నా కాళ్ళ కింది నేల చూపించి కాలెత్తాడు. తెలుగులోనే చెప్పాను. ఫిబ్రవరిలో షంటర్‌గా మొదటిసారి రెగ్యులేటర్ లాగితే నా కింద ఇంజన్ కదిలింది. అంత సంతోషం నాకు ఉద్యోగంలో మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

తరువాత నేను డ్రైవర్‌నయ్యాను, చివరి ఏళ్ళలో లోకో ఇన్‌స్పెక్టర్‌గా పరీక్షలు పెట్టే వైపు కూర్చున్నాను. మనిషికి ఏం వచ్చో తెలుసుకోవాలంటే అతను దాన్ని నేర్చుకున్న చోటికి పోయి అడగాలి. అందుకే గదిలో నోరు పెగలనివాణ్ణి ఇంజన్ మీదికి తీసుకెళ్ళి మళ్ళీ అడిగేవాణ్ణి. అక్కడ కూడా చెప్పలేనివాళ్ళను మొహమాటం లేకుండా ఫెయిల్ చేశాను. గదిలో చెప్పలేదని మాత్రం ఒక్కణ్ణి కూడా ఫెయిల్ చేయలేదు.