పదకొండో చప్పుడు

ఆదివారం ఉదయాల్లో పట్నం మనుషుల్ని సముద్రం పక్క బండల మీదుగా నడిపించి, పాత గ్రానైట్ క్వారీ కథ చెప్పడం జెండా మామయ్య పని. క్వారీ నడిచిన రోజుల్లో రాయి పేల్చేముందు ఎర్రజెండా ఎగరేసి మనుషుల్ని దూరం పంపేవాడు కనుక ఆ పేరొచ్చింది. క్వారీ మూతపడింది, జెండా చీకిపోయింది, పేరు మాత్రం వదల్లేదు.

ఆ రోజు ఎనిమిది మంది వచ్చారు. తొమ్మిదో మనిషి ఆయన అక్క. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇటువైపు తొంగి చూడని ఆవిడ ముందురోజు ఉన్నట్టుండి, "మోకాళ్లు పూర్తిగా మొండికేసేలోపు ఒకసారి చూస్తాన్రా, మీ బావ పోయిన చోటు" అంది. వద్దనడానికి ఆయనకు నోరు రాలేదు.

నాచు పట్టిన రాతిమెట్ల దగ్గర అక్క చెయ్యి చాచింది. పట్టుకుని దించాడు.

"మీ బావయితే ఒక్కో మెట్టూ తట్టి చూసుకుని దిగేసరికి పొద్దుగూకేది" అంది నవ్వుతూ. "తాళం వేసి మూడుసార్లు లాగేవాడు, గుర్తుందా? వీధి మలుపుదాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి లాగేవాడు. నీ పెళ్లికి మేం ఆలస్యంగా వచ్చింది ఎందుకనుకున్నావ్!"

"తాళం ఊడి చేతికొస్తే గానీ నమ్మడుగా" అన్నాడు తమ్ముడు, నేల చూస్తూ.

"అంతటి మనిషి ఆ ఒక్కరోజు ఒళ్లు దగ్గర పెట్టుకోలేకపోయాడు" అంది అక్క. నవ్వు పోయింది. ఆ మాట ఆయన ఎన్నిసార్లు విన్నాడో. విన్న ప్రతిసారీ ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయేవాడు. ఇక్కడ వెళ్లడానికి చోటు లేదు.

దారి పొడుగునా ఎప్పటి కథే చెప్పాడు. రోడ్డు లేని రోజుల్లో రాయిని పడవల్లోకి జార్చిన ఏటవాలు బండ, తుప్పుపట్టి సగమైన ఇనుప కడియాలు, ఇక్కడి రాయితోనే కట్టిన రేవుగోడ. చివర నిటారుగా నిలబడ్డ రాతిగోడ ముందు ఆగాడు. దాని మీద పైనుంచి కిందికి నిలువునా చీల్చిన గొట్టాల్లాంటి గాడులు.

"జంపర్ అనే పొడుగాటి ఇనుపకడ్డీతో తొలిచిన బెజ్జాలివి. ఎన్ని బెజ్జాల్లో పేలుడు మందు కూరితే అన్ని చప్పుళ్లు వినపడాలి. ఒక్కటి తగ్గినా ఎవరూ లోపలికి అడుగు పెట్టకూడదు. అలా లెక్కపెట్టి జెండా దించడం నా పని. పదండి, ఎండెక్కుతోంది."

"అదేంటండీ, అప్పుడే?" అంది కళ్లజోడు అమ్మాయి. ఆ నడకకు ఆమె రావడం రెండోసారి. "పోయినసారి ఇక్కడే చెప్పారు కదా, లోపల మందు మిగిలుందేమో చూడకుండా పాత బెజ్జంలో జంపర్ దింపి చచ్చిపోయిన ఆ అజాగ్రత్త మనిషి సంగతి? మా ఫ్రెండ్ వినాలని వచ్చింది."

అక్క తలెత్తింది. "ఎవరి గురించిరా?"

ఆయన రాతిగోడ వైపు తిరిగాడు.

"ఊరందరికీ అలాగే చెబుతున్నావా? నేను తిట్టుకున్నానంటే అర్థముంది. నువ్వు పక్కనే ఉన్నావు కదరా. ఆయన పాత బెజ్జంలో జంపర్ పెట్టడం నువ్వు చూశావా?"

అందరి ముందూ తల ఊపి అవునంటే సరిపోయేది. ఆ ఒక్క ఊపుతోనే ముప్ఫై ఒక్క ఏళ్లు నెట్టుకొచ్చాడు.

"లేదక్కా" అన్నాడు. "ఆ రోజు పదకొండు బెజ్జాలు. పేలినవి పదే. పదకొండో చప్పుడు మనది కాదు, గుట్ట అవతలి క్వారీ వాళ్లది. వాళ్లెప్పుడూ మనకన్నా ముందు పేల్చేవాళ్లు. ఆ రోజు ఆలస్యమై, మన చప్పుళ్లలో కలిసింది. నేను పదకొండని జెండా దించేశాను. పేలని బెజ్జం రాతిముక్కల కింద ఉండిపోయింది. బావ జంపర్ దానికి తగిలింది."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ సాయంత్రమే. అవతలి మేస్త్రీ పలకరించడానికొచ్చి, ఇవాళ మా పేలుడు ఆలస్యమై మీ వాటితో కలిసిందన్నాడు. అప్పటికే పంచనామాలో బావదే తప్పని రాసేశారు. నేను... ఊరుకున్నాను."

అక్క దగ్గరికొచ్చి ఆయనకు ఎదురుగా నిలబడింది.

"జెండా దించాక బావ నన్నడిగాడక్కా. పదకొండేనా, ఖాయమేనా అని. మూడుసార్లు అడిగాడు. మూడోసారి నాకు విసుగొచ్చి, 'ఇది మీ ఇంటి తాళం కాదు బావా' అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి లోపలికి వెళ్లాడు."

అక్క ఏడుస్తుందనుకున్నాడు. చెంప పగలగొట్టినా బాగుండుననుకున్నాడు. ఆవిడ రాతిగోడ దగ్గరికి వెళ్లి, ఒక గాడిలో వేలు పెట్టి, అందినంత మేర కిందికి రాసింది. వేలికంటిన దుమ్ము చూసుకుంది.

"రోజూ తిట్టుకున్నాన్రా ఆ మనిషిని. దీపం పెట్టేటప్పుడు కూడా." తర్వాత కళ్లజోడు అమ్మాయి వైపు తిరిగింది. "అమ్మాయీ, ఆయన అజాగ్రత్త మనిషి కాదు. నీకు తప్పు చెప్పారు."

అందరూ తిరుగుదారి పట్టారు. మెట్ల దగ్గర ఆయన ముందు రెండు మెట్లెక్కి వెనక్కి తిరిగి చెయ్యి చాచాడు. అక్క ఆ చేతిని చూసింది. వంగి, మొదటి మెట్టును అరచేత్తో తట్టింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. అప్పుడు కాలు పెట్టింది. రెండో మెట్టు తట్టడానికి వంగింది.

ఆయన పక్కకు తప్పుకుని దారిచ్చాడు. చాచిన చెయ్యి దించడం చాలాసేపటిదాకా మరిచిపోయాడు.