మూడో గుండు

లెక్కల తాత ఫిరంగి దళంలో పద్దెనిమిదేళ్లు పనిచేసి ఒక్క ఫిరంగినీ పేల్చిన పాపాన పోలేదు. పేల్చడం వేరేవాళ్ల పని. ఈయన గుడారంలో బల్ల ముందు కూర్చుని, దూరమూ గాలివాటమూ చూసుకుని, గొట్టం ఎంత ఎత్తాలో లెక్క కట్టి చెప్పేవాడు. పెళ్లైన కొత్తలో భార్య, యుద్ధంలో ఎంతమందిని చంపారని అడిగితే, తాను కూడికలూ తీసివేతలూ చేసేవాణ్ణని తప్పించుకున్నాడు. ఆవిడ మళ్లీ అడగలేదు. తన లెక్క వల్ల ఎవరైనా పోయారా అని ముప్పై తొమ్మిదేళ్లుగా ఆయనే తనను తాను అడుగుతున్నాడు.

ఫిరంగి మొదటి దెబ్బకే తగలడం సినిమాల్లో మాట. అసలు పద్ధతి వేరు. మొదటి గుండు గురికి అవతల పడాలి, రెండోది ఇవతల. ఆ మధ్య దూరాన్ని సగం చేస్తే మూడోది సరిగ్గా నెత్తిమీద. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. తాతకిది ఉద్యోగంతో వచ్చినా అలాగే అంటుకుంది. ఇంట్లో కుర్చీ జరపాలన్నా ముందు ఎక్కువ, తర్వాత తక్కువ, ఆపైన మధ్య. ఈయన చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా మూడు గుండ్లు కావాలని భార్య దెప్పిపొడిచేది.

ఆ ఉదయం ముందుగదిలో పుస్తకాల అర బిగించడానికి వడ్రంగి వచ్చాడు. నలభై అయిదేళ్ల మనిషి, నోట్లో నాలుక లేనట్టుంటాడు. తాత ఊరుకుంటేగా, తగుదునమ్మా అని పక్కన నిలబడ్డాడు. జానెడు పైకి పెట్టించాడు, జానెడు కిందికి దింపించాడు, ఇప్పుడు మధ్యలో గీత గియ్యమన్నాడు. వడ్రంగి నవ్వాడు.

"ఈ పద్ధతి మా అమ్మకి తెలుసండీ. దానివల్లే నేను బతికున్నాను."

తాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వడ్రంగి పని ఆపకుండానే చెప్పుకొచ్చాడు. యుద్ధమప్పుడు వాళ్లు కొండకు అవతలి ఊళ్లో ఉండేవారు. అతనికి ఆరేళ్లు. ఒక పొద్దున ఇంటి వెనక చేలో గుండు పడింది. కాసేపటికి ఇంటి ముందు రోడ్డుమీద ఇంకొకటి. పొరుగూళ్లో ఇలాగే జరగడం వాళ్లమ్మ అంతకుముందే చూసింది. మూడోది ఎక్కడికొస్తుందో ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తమ్ముణ్ణి చంకనెత్తుకుని, ఇతని చెయ్యి పట్టి లాక్కుంటూ, ముందుకీ వెనక్కీ కాకుండా పక్కకు పరుగెత్తింది.

"పని తెలిసినవాడు కొట్టాడు కాబట్టి బతికామనేదండీ. చేతకానివాడైతే ఎటు పరిగెత్తాలో తెలిసేది కాదట."

తాతకు ఆ మాట మెచ్చుకోలులా వినిపించింది. లోపల ఎక్కడో పొంగాడు, వెంటనే సిగ్గుపడ్డాడు. ఇల్లు ఊళ్లో ఎక్కడని అడిగాడు. రెండంతస్తుల పిండిమర పక్కనే అన్నాడు వడ్రంగి.

తాతకు ఆనాటి కాగితం గుర్తొచ్చింది. పిండిమర పక్క ఇల్లు, అందులో శత్రువుల టెలిఫోను ఉంది, కొట్టాలి. వచ్చిన ఉత్తర్వు అదే. మూడు గుండ్లతో పని ముగిసిందని, ఫలితం చాలా బాగుందని నివేదికలో రాశారు. పై అధికారి వచ్చి భుజం తట్టాడు కూడా. మీ ఇంట్లో టెలిఫోను ఉండేదా అని తాత మెల్లగా అడిగితే, దీపంలోకి నూనెకే గతి లేదని వడ్రంగి మళ్లీ నవ్వాడు.

"అందరూ బయటపడ్డారా?"

"నానమ్మ పడలేదండీ. నడుం పడిపోయి మంచంమీదే ఉండేది. అమ్మకున్నవి రెండు చేతులేగా."

తాత నోరు మూసుకుంటే సరిపోయేది. అడిగేవాడు లేడు, సాక్షి లేడు. కానీ ఇన్నేళ్లూ జవాబు తెలియదు కాబట్టి ఊరుకున్నాడు; తెలిశాక ఊరుకుంటే అది దొంగతనమనిపించింది.

"ఆ మూడోదానికి లెక్క కట్టింది నేనే," అన్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. వడ్రంగి బిగిస్తున్న స్క్రూ సగం దిగి ఉంది.

"ఎంత దూరం నుంచి?"

"పదకొండు కిలోమీటర్లు."

"అంత దూరం నుంచి మంచం కనపడదులెండి," అన్నాడు వడ్రంగి.

అందులో ఓదార్పు ఉందో ఎత్తిపొడుపు ఉందో తాతకు అంతుపట్టలేదు. అడిగే ధైర్యం కూడా లేకపోయింది. వడ్రంగి మిగిలిన స్క్రూలు ఒక్కొక్కటే బిగించాడు. అర కదలకుండా ఉందో లేదో రెండు చేతులతో నొక్కి చూశాడు. రాలిన పొట్టు ఊడ్చి సంచిలో ఎత్తుకున్నాడు. తాత భార్య మంచినీళ్లు తెచ్చి అందించింది. అతను గ్లాసు వైపు చూసి, వద్దమ్మా అని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.