కిటికీ లేని రెండు గదులు

హుకుంపేట వైపు కొండల్లో పాంగి సుక్రు పేరు వినని మనిషి ఉంటే, అతను నిన్నో మొన్నో బదిలీ మీద వచ్చిన ఉద్యోగస్తుడై ఉండాలి. ఆశ్రమ పాఠశాలలో ఐదో తరగతి దాకా చదివి, ఈనాటికీ తెలుగు వాచకం తడుముకోకుండా చదవగల మనిషి ఆయన. ఆ చుట్టుపక్కల కాఫీ మొక్క నాటిన మొదటి చెయ్యి ఆయనది. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్టుకే మిరియం తీగ అని ఊరూరా తిరిగి చెప్పిన నోరు ఆయనది. సంతలో షావుకారు తూకంరాళ్లు అరిగిపోయాయని నలుగురి ముందూ తక్కెడ పట్టుకుని ఆపినవాడు, కలెక్టరు జీపు ముందు నిలబడి గెడ్డ మీద కల్వర్టు సాధించినవాడు సుక్రు. కాఫీ రైతుల సొసైటీ పెట్టిన రోజున ప్రెసిడెంటు ఎవరని ఎవరూ అడగలేదు. కుర్చీ తెచ్చి ఆయన ముందే వేశారు.

ఇన్ని చేసిన మనిషి పదిహేనేళ్లుగా ఒక్క పని చేయలేదు. మంగ్లుతో మాట్లాడలేదు.

తొంభై రెండో సంవత్సరం వేసవిలో సుక్రు తోట పక్కనే ఉన్న తన వాలు మీద మంగ్లు పోడు కాల్చాడు. కొండకు నిప్పు పెట్టే ముందు పక్క వాలు వాళ్లను కేకేసి పిలవడం ఆ కొండల్లో పద్ధతి. పిలుపు వింటే వాళ్లు వచ్చి తమ చేను చుట్టూ ఎండుటాకు ఊడ్చి, పచ్చికొమ్మలు పట్టుకుని కాపు కాస్తారు. ఆ రోజు సుక్రుకు ఏ పిలుపూ వినబడలేదు. పొగ చూసి పరుగెత్తేసరికి మూడేళ్ల కాఫీ తోట, అప్పుడే పువ్వు పట్టిన తోట, నల్లటి పుల్లలై నిలబడి ఉంది. పెద్దల ముందు మంగ్లు ఒకటే మాట అన్నాడు: "పిలిసినాను. గొంతు పగిలేలా పిలిసినాను. గాలి అటు నేదు, నానేటి సేసేది?" పిలవలేదని సుక్రు. పిలిచానని మంగ్లు. చివరికి ఇద్దరూ శంకుదేముడి రాయి ముందు బియ్యం పట్టుకుని ఇలా ప్రమాణం చేశారు: ఒక గడప లోపల ఇద్దరికీ నిద్ర లేదు. ఒక పొయ్యి మీద ఇద్దరికీ కూడు లేదు.

అప్పటి నుంచి ఏ పెళ్లికి వెళ్లినా ఒకరు ఇంట్లో, ఒకరు పశువుల సాలలో పడుకున్నారు. సొసైటీ మీటింగులో సుక్రు మాటలు మంగ్లుకీ, మంగ్లు మాటలు సుక్రుకీ మోయడం హేమలత పని. ఆ పిల్ల సుక్రుకు మేనకోడలు, డిగ్రీ చదివింది, సొసైటీ రాతకోతలన్నీ చూసేది.

రెండు వేల ఏడులో సొసైటీ కాఫీ కొనే ఇటలీ కంపెనీ నుంచి కబురు వచ్చింది. దేశదేశాల కాఫీ రైతులను ఒక పెద్ద ఓడ ఎక్కించి మధ్యధరా సముద్రంలో వారం రోజులు తిప్పుతారట. ఓడలోనే సభ. ఈ సొసైటీ నుంచి ఇద్దరు రావాలి: ఒకరు ప్రెసిడెంటు, రెండోవారు ఆ ఏడాది కాఫీ గింజకు ఎక్కువ మార్కులు తెచ్చుకున్న రైతు. ఆ రెండోవాడు మంగ్లు. నిప్పు పెట్టిన వాలు మీదే తర్వాత వాడూ కాఫీ నాటాడు. నాటడం ఎవరిని చూసి నేర్చుకున్నాడో వాడు చెప్పడు, కొండ మీద అందరికీ తెలుసు.

"నాను ఎల్లను" అన్నాడు సుక్రు ముందు.

"అయితే ఆ స్టేజీ మీద మంగ్లు పెద్దయ్య ఒక్కడే నిలబడతాడు మావా. మన కాఫీ గురించి ఆయనే చెబుతాడు" అంది హేమలత.

ఆ మాట గుచ్చుకుంది. తను తెచ్చిన మొక్క, తను తిరిగిన ఊళ్లు, తను పెట్టిన సొసైటీ! ఆ కథంతా మంగ్లు నోటి నుంచి దేశదేశాల వాళ్లు వినాలా? వెళ్లి తీరాలి. కానీ శంకుదేముడి ముందు అన్న మాట ఒక్క వెంట్రుకవాసి కూడా జరగకూడదు. సుక్రుకు ఇక మిగిలిన చిక్కు అదొక్కటే.

పాస్‌పోర్టులకు ఇద్దరూ వేర్వేరు రోజుల్లో వెళ్లి వచ్చారు. టిక్కెట్ల పని చూసే ధర్మతేజ ఆఫీసు విశాఖపట్నంలో ఉంది. అక్కడికి సుక్రు కిరండూల్ రైల్లో దిగాడు, మంగ్లు ఆర్టీసీ బస్సులో దిగాడు. ఘాట్ రోడ్డులో బస్సెక్కితే వాంతులని హేమలత రైలెక్కింది. మంగ్లుకు అదీ తప్పే. "తెలిసిందే. నువ్వు ఆ మనిషి పార్టీ" అన్నాడు మెట్ల దగ్గరే.

ధర్మతేజ కుర్రవాడు, మెడలో టై. ఓడ బొమ్మలున్న రంగుల పుస్తకం తెరిచి సుక్రు ముందు పెట్టాడు.

"ఇదండీ కంపెనీ వాళ్లు మీ ఇద్దరికీ ఇచ్చిన రూము. బాల్కనీ రూము. అద్దం తలుపు జరిపితే ఎదురుగా సముద్రం. మా కస్టమర్లు దీనికోసం కొట్టుకుంటారు."

"మంచం ఒకటే ఉందేటి బాబూ?"

"విడదీస్తారండి. రెండవుతాయి."

"గడపో?"

"గడపేంటండి?"

"లోపలికెల్లే తలుపు. ఎన్ని?"

"ఒకటేనండి."

సుక్రు పుస్తకం మూసి వెనక్కి తోశాడు.

మంగ్లు కూలర్ పక్కన, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. "హేమలతా, ఆ మనిషికి సెప్పు. సముద్రం గదిలోకొచ్చినా సరే, నాను అందులో పడుకోను."

"ముందు ఓడ ఎక్కనిస్తే కదా!" అన్నాడు సుక్రు. "ఈడు ఎక్కితే ఓడకీ నిప్పెడతాడు. సెప్పకుండా పెడతాడు."

ధర్మతేజ హేమలత వైపు చూశాడు. ఆమె ప్రమాణం సంగతి చెప్పింది. అతను నవ్వాడు. "మధ్యలో కర్టెన్ కట్టిద్దామండి. వారం రోజులే కదా. మీ ఏజెన్సీ నుంచి ఇంత పెద్ద ఓడ ఎక్కేది ఎవరండీ? కొంచెం సర్దుకోవాలి."

"బాబూ, సంతలో షావుకార్లే నాకు సర్దుకోమని సెప్పలేకపోయారు. నువ్వెంత? కర్టెన్‌కి గడపుంటదా?"

కుర్రవాడి నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత ఆ ప్రయాణం మొత్తం రెండు ముక్కలైంది. విమానంలో ఒకే తలుపు గనక నిద్ర కుదరదు. తాను కళ్లు తెరుచుకునే కూర్చుంటానని సుక్రు అన్నాడు. అయినా సీట్లు దూరంగా కావాలన్నాడు. "ఆయనకి ముందు సీటియ్యి బాబూ. కూలితే ముందు ఆయనే కూలతాడు" అన్నాడు మంగ్లు గోడతో. వంటగదిలో పొయ్యిలు లెక్కలేనన్ని ఉంటాయని ధర్మతేజ ఒట్టు పెట్టాల్సి వచ్చింది. రాత్రి భోజనం రెండు బంతులుగా పెడతారట. మొదటి బంతి సుక్రు తీసుకున్నాడు, రెండోది మంగ్లుకు మిగిలింది. "ఎంగిలి బల్ల మీద కూర్సోబెడతన్నారు" అని మంగ్లు సణిగాడు.

గది తగవు మాత్రం తెగలేదు. సముద్రం కనబడే గదులు రెండు కావాలంటే కంపెనీ ఇవ్వదు. ధర్మతేజ కంప్యూటర్ ముందు చాలాసేపు కూర్చుని చివరికి ఒక దారి చెప్పాడు.

"ఈ ఒక్క బాల్కనీ రూము ఖర్చుకి లోపలి రూములు రెండొస్తాయండి. చెరొకటి, చెరో తలుపు. కానీ ఓడ కడుపులో ఉంటాయి. కిటికీ ఉండదు. లైటు తీస్తే పగలో రాత్రో తెలీదు. అంత దూరం వెళ్లి సముద్రం చూడకుండా పడుకుంటారా?"

సుక్రుకు రైల్లో దాటి వచ్చిన సొరంగాలు గుర్తొచ్చాయి. పుట్టి బుద్ధెరిగి ఆయన తలుపు తీస్తే కొండ కనబడని ఇంట్లో పడుకోలేదు. పుస్తకం మళ్లీ తెరిచి ఒక్క క్షణం ఆ బొమ్మలోని అద్దం తలుపును, దాని వెనక నీలాన్ని చూశాడు.

"కిటికీ వద్దు" అన్నాడు.

"నాకూ వద్దని సెప్పు. ఆ మొహం పక్కనున్న కిటికీ కన్నా గోడే నయం" అన్నాడు మంగ్లు.

పదిహేనేళ్లలో ఇద్దరూ ఒప్పుకున్న మొదటి సంగతి అది. కానీ వెంటనే మళ్లీ మొదలైంది. ఖాళీగా ఉన్న లోపలి గదుల్లో రెండు పక్కపక్కనే ఉన్నాయి. ఇంకొకటి పై అంతస్తులో ఆ చివర ఉంది. ఆ చివరిది తనకే కావాలని ఇద్దరూ పట్టుబట్టారు.

ధర్మతేజ పెన్ను కింద పెట్టాడు. "దూరం వద్దండి. ఓడలో ప్రమాదమొస్తే కూత వేస్తారు, మైకులో ఇంగ్లీషులో చెబుతారు. మీకు ఇంగ్లీషు రాదు. ఆ రోజు మీ భాషలో మిమ్మల్ని లేపే మనిషి ఓడ మొత్తమ్మీద ఒక్కరే ఉంటారు. పక్క గదిలో ఉంటే మంచిది."

"ఈడా? ఈడు నన్ను లేపుతాడా?" సుక్రు లేచి నిలబడ్డాడు. ఆఫీసులో మిగతావాళ్లు తలలెత్తి చూశారు. "నా తోట తగలబడతంటే నోరిప్పనోడు! నిప్పు నా మొక్కల్ని ఒక్కోటి నమిలేస్తంటే, అటు వాలున నిలబడి సూసినోడు!"

"పిలిసినాను!" మంగ్లు మొదటిసారి గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. మొహం ఎర్రగా ఉంది. కానీ చూపు సుక్రు మీద పడకుండా హేమలత మీదే ఆపాడు. "సెప్పమ్మా. పిలిసినాను. సచ్చేదాకా అదే సెప్తాను."

"పిలిస్తే నాకెందుకు ఇనపడనేదో అడుగు!"

హేమలతకు కళ్ల నీళ్లు తిరిగాయి. ఏడవలేదు, కోపం వచ్చింది. "ఇద్దరూ నోరు ముయ్యండి. మీలో ఒకరు కాలి సస్తే రెండోవారు ఊళ్లోకి ఏ మొహం పెట్టుకుని వస్తారు? కొండ మీద నన్ను అడుగుతారు, మిమ్మల్ని కాదు. పక్కపక్క గదులు రాయండి బాబూ."

మంగ్లు గొంతు తగ్గించి అన్నాడు. "గడప తొక్కను, తలుపు తట్టను. కావలిస్తే గోడ కొడతానని సెప్పు. గోడకి ప్రమాణం నేదు."

సుక్రు ఆలోచించాడు. శంకుదేముడి ముందు అన్న మాటలను మనసులో మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చెప్పుకున్నాడు. గోడ ఊసు అందులో లేదు.

"మూడు దెబ్బలు. నిప్పుకే" అన్నాడు. "కడుపు నొప్పికి, ఊసుపోకకి గోడ ముట్టొద్దని సెప్పు. నిప్పు కాకుండా కొట్టాడంటే పెద్దల ముందు నిలబెడతాను."

"నిప్పుకే" అన్నాడు మంగ్లు, కూలర్ వైపు తిరిగి.

*

సెప్టెంబరులో వెళ్లారు. విమానంలో సుక్రు నిజంగానే కన్ను మూయలేదు. సభ రెండో రోజున జరిగింది. సుక్రు తలపాగా చుట్టుకుని వేదిక ఎక్కి, మొదటి మొక్క దగ్గర నుంచి కల్వర్టు దాకా తాను చేసినవన్నీ ఒక్కటీ వదలకుండా తెలుగులోనే చెప్పాడు. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ సభలో అర్థమైనవాడు ఒక్కడే ఉన్నాడు. వాడు కొట్టలేదు.

ఆ తర్వాత సముద్రం లేచింది. సుక్రు కడుపు తిరిగిపోయింది. పైకి వెళ్తే గాలి తగులుతుంది, కానీ పొద్దస్తమానం మంగ్లు అక్కడే ఉంటాడు. అందుకని ఆ చీకటి పెట్టెలో, లైటు వేసుకుని, పైకప్పు చూస్తూ పడుకున్నాడు. రాత్రిళ్లు గోడ అవతల మంగ్లు దగ్గితే వినబడేది. చెప్పు విడిస్తే వినబడేది. ఎన్నడూ మూలిగినట్టు వినబడలేదు, అదొక మంట.

ఒకనాడు పొద్దు వాలే వేళ గోడ మీద దెబ్బ పడింది. మళ్లీ పడింది. మళ్లీ.

సుక్రు మంచం దిగి, నారింజ రంగు లైఫ్ జాకెట్ మెడకు తగిలించుకుని, చెప్పులు లేకుండా బయటికి పరుగెత్తాడు. వరండాలో పొగ లేదు. కూత లేదు. మంగ్లు తలుపు అప్పటికే మూసి ఉంది. సుక్రు మెట్లు పట్టుకుని అంతస్తు తర్వాత అంతస్తు ఎక్కాడు. పైన జనమంతా ఒక వైపు ఓడ అంచు కమ్మీ దగ్గర మూగి ఉన్నారు. ఎవరూ అరవడం లేదు.

సముద్రం మధ్యలో ఒక నల్లటి కొండ ఉంది. దాని నెత్తి మీద నిప్పు లేచి పడుతోంది. వాలు వెంబడి ఎర్రగా జారి, నీళ్ల దాకా వచ్చి ఆరిపోతోంది.

కమ్మీ ఆ చివర మంగ్లు నిలబడి రొప్పుతున్నాడు. గోడ కొట్టడానికి అన్ని అంతస్తులూ దిగి, మళ్లీ ఎక్కి వచ్చినవాడి రొప్పు అది.

సుక్రు ఈ చివర నిలబడ్డాడు. మధ్యలో మాట మోయడానికి హేమలత లేదు. అందుకని కమ్మీతోనే అన్నాడు. "నిప్పుకే కొట్టమన్నాను గదా. ఓడలో నిప్పేది?"

"ఓడలో అని ఆయన అననేదు" అని మంగ్లు కూడా కమ్మీతోనే అన్నాడు. "నిప్పన్నాడు. అది నిప్పు కాదేటి?"

సుక్రు చాలాసేపు ఆ వాలును చూశాడు. నిప్పు ఎటు జారుతుందో, గాలి దాన్ని ఎటు తోస్తుందో కళ్లు వాటంతట అవే వెతుకుతున్నాయి. "వానాకాలంలో కాలుస్తన్నాడు. ఎవడో తెలివితక్కువోడు" అన్నాడు.

"పక్క వాలోళ్లని పిలిసినాడో నేదో" అన్నాడు మంగ్లు.

సుక్రు లైఫ్ జాకెట్ తాడు విప్పబోయి, ముడి పడేసరికి అలాగే వదిలేశాడు. మొదటి బంతి గంట మోగింది. కమ్మీ వదిలి మెట్ల వైపు నడిచి, దిగే ముందు ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"ఈసారి ఇనపడిందని సెప్పు" అన్నాడు ఎవరితోనో, భోజనానికి దిగిపోయాడు.

అరకులో ఒకరు రైలు దిగారు, ఒకరు బస్సు దిగారు. ప్రమాణం నేటికీ అలాగే ఉంది.