స్తుతి పేరు మీది కాల్స్

స్తుతి కుదురుగా కూర్చుని మూడు రోజులైంది. కూర్చుంటే కాలు ఊగుతుంది, లేస్తే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది, అన్నం ముందు పెట్టుకుంటే ముద్ద దిగదు. బుధవారం పొద్దున మేనేజరు నిరంజన్ సార్ ఆఫీసులో ఫోన్లెత్తే ఎనిమిది మందినీ గదిలోకి పిలిచి, చల్లగా ఒక మాట చెప్పి, టీ తాగండని వెళ్లిపోయాడు. ఆ మాట విన్నాక టీ ఎవరు తాగుతారండీ!

ఆ మాట ఇది. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి రైతుల ఫోన్లకు మిషనే జవాబు చెబుతుంది. పేపర్లో కృత్రిమ మేధ అని రాస్తారే, అదే. అది చెప్పే జవాబుల్లో తప్పులు పట్టి దిద్దడానికి ఇద్దరుంటే చాలు. ఆ ఇద్దరెవరో కూడా రెండేళ్ల కాల్స్ తిరగేసి మిషనే తేల్చింది. ఎనిమిది మందినీ వరసలో పెట్టింది, పైనున్న ఇద్దరూ ఉంటారు, మిగతావాళ్లు ఇంటికే. మొదటి పేరు స్తుతి. చిట్టచివరి పేరు ఎల్లక్క. శనివారం సాయంత్రం ఆ జాబితా హైదరాబాద్‌లోని హెడ్డాఫీసుకు పోతుంది.

మొదటి పేరు తనదైతే ఎవరైనా మిఠాయి పంచుతారు. స్తుతికి మాత్రం ఒళ్లంతా చెమట పట్టింది. ఎందుకంటే తన పేరు మీదున్న మంచి కాల్స్‌లో సగానికి సగం తను మాట్లాడినవి కావు, ఎల్లక్క మాట్లాడినవి. ఆ సంగతి గదిలో ఉన్న ఎనిమిది మందికీ తెలుసు. మిషనుకు తెలియదు, నిరంజన్ సారుకూ తెలియదు.

ఇదెలా జరిగిందో చెప్పాలి. కరీంనగర్ బస్టాండు వెనక, మూడో అంతస్తులో ఉంది వాళ్ల ఆఫీసు. పత్తికి పురుగు పట్టినా, వరికి తెగులు తగిలినా రైతులు అక్కడికి ఫోన్ చేస్తారు. ఎల్లక్కది ఖానాపూర్ పక్కన చిన్న పల్లె. పదో తరగతి చదివింది, ఇరవై ఏళ్లు తన చెలకలో, ఆ మెట్ట చేనులో, తానే పత్తి ఏరింది. కంప్యూటర్ మీద ఆమె వేళ్లు ఒక్కో అక్షరం వెతుక్కుంటాయి గానీ, ఫోన్లో గొంతు వింటే చాలు, చేను కళ్లముందు కనబడుతుంది ఆమెకు. బోథ్ నుంచి సగం మరాఠీలో మాట్లాడే రైతు ఫోన్ చేస్తే మిగతావాళ్లు దిక్కులు చూస్తారు. ఎల్లక్క హాయిగా మాట కలుపుతుంది.

స్తుతి కాన్పయ్యాక నాలుగో నెలకే పనిలో చేరింది. పెళ్లి ఆల్బంలు దిద్దే జాన్సన్‌కు, అంటే ఆమె భర్తకు, అప్పటికే పని తగ్గిపోయింది. వారం రోజుల పనిని ఏదో సాఫ్ట్‌వేర్ గంటలో చేసేస్తోందట. ఇంటికి స్తుతి ఉద్యోగమే దిక్కైంది. పిల్లను పక్క సందులో ఒకామె దగ్గర వదిలి, రోజుకు రెండుసార్లు పాలివ్వడానికి పరిగెత్తేది. ఆ సమయంలో ఎల్లక్క లేచి వచ్చి ఆమె కుర్చీలో కూర్చునేది. లాగిన్ మార్చేది కాదు. "నీ లెక్క తక్కువ పడుతున్నదే, నీ దాంట్లనే పడనియ్" అనేది. పిల్లకు జ్వరమొచ్చి స్తుతి ఇంట్లో ఆగిపోతే ఎల్లక్క రోజంతా ఆ కుర్చీలోనే. అలా ఏడాదిన్నర గడిచింది. ఎల్లక్క సొంత కంప్యూటర్ మాత్రం ఖాళీగా వెలుగుతూ ఉండేది. మిషను చూసింది ఆ ఖాళీనే. గొంతు ఎవరిదని అది అడగలేదు, లాగిన్ ఎవరిదో చూసింది.

స్తుతికి ఇదంతా కొత్తగా అనిపించలేదు, తప్పుగా అసలే అనిపించలేదు. పుట్టింది బెల్లంపల్లి బొగ్గు కంపెనీ క్వార్టర్లలో. తండ్రి సాల్మన్ బాయిలో, అంటే గనిలో, బొగ్గు నింపేవాడు. ప్రతి మనిషికీ ఒక నంబరు బిళ్ళ ఉండేది, తను నింపిన టబ్బుకు, ఆ బొగ్గు బండికి, అది వేసేవాడు; బిళ్ళల లెక్కనే కూలి. గ్యాంగులో ఎవరైనా మంచాన పడితే మిగతావాళ్లు నింపి అతని బిళ్ళ వేసేవాళ్లు. దాన్ని మోసమని ఎవరూ అనుకోలేదు, మనుషులు అట్లాగే బతుకుతారని అనుకున్నారు.

గురువారం తండ్రికి ఫోన్ చేసింది.

"బాపూ, నీ నంబరు మీద ఎన్నడన్న వేరేటోళ్లు టబ్బు నింపిండ్రా?"

"నింపకేంది? నాకు కామెర్లయితే పదిహేను రోజులు మా గ్యాంగుల మొగిలే నింపిండు. ఎందుకు బిడ్డా?"

"ఏం లే, ఊకెనే."

"నువ్వు ఊకెనే అడుగుతవా! ఇగో, తర్వాత మొగిలి కాలిరిగితే నేను నెల దినాలు ఆయన బిళ్ళేసి నింపిన. గట్ల నడిచేది. నువ్వు ఎవలకన్న నింపేది ఉన్నదా ఏంది?"

పిల్ల ఏడుస్తోందని అబద్ధం చెప్పి పెట్టేసింది. ఏడాదిన్నరలో ఎల్లక్క కోసం తను ఒక్క కాల్ తీయలేదు. ఆమెకు అవసరమే రాలేదు మరి. ఇప్పుడొచ్చింది.

శుక్రవారం రెండుసార్లు నిరంజన్ గది దాకా వెళ్లి తిరిగొచ్చింది. నోరు తెరిస్తే ఇంట్లో పొయ్యి ఏమవుతుంది? తెరవకపోతే ఎల్లక్క మొహం ఎట్లా చూస్తుంది? జాన్సన్‌కు చెప్పలేదు. అతను వద్దంటాడని భయం, చెప్పెయ్యమంటే ఇంకా భయం. పిచ్చిది, తన మీద తనే చిరాకు పడుతూ పిల్ల మీద అరిచింది. అరిచి, దాన్నెత్తుకుని ఏడ్చింది.

శనివారం మధ్యాహ్నం ఇక ఆగలేక తలుపు తోసింది. నిలబడే అంతా చెప్పేసింది.

నిరంజన్ నుదురు రుద్దుకున్నాడు. చెడ్డ మనిషేం కాదు, పైవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సిన మనిషి. "ఏం మాట్లాడుతున్నవో తెలుసా స్తుతీ? ఒకరి లాగిన్ల ఇంకొకరు కూసున్నరంటే ఇద్దరి ఉద్యోగాలు పోతయ్. రూలది."

"నాది పోనియ్యుండ్రి సార్. ఎల్లక్క పేరు జాబితాల పైకి రావాలె."

అతను ఒక పాత కాల్ తెరిచాడు. స్తుతి పేరు మీదున్నదే. ఎల్లక్క గొంతు గదంతా నిండింది. "జర నిమ్మలంగ చెప్పు కాకా. ఆకు అంచుల పొంటి ఎర్రగైందా, నడిమిట్లనా? పరేషాన్ కాకు, చేను యాడికి పోదు."

నిరంజన్ ఎల్లక్కను పిలిపించాడు. అదే కాల్ మళ్లీ పెట్టాడు. ఎల్లక్క కొంగు భుజం మీదికి లాక్కుని, మొదటి నుంచి చివరి దాకా నిలబడి వింది. స్తుతి వైపు ఒకసారి చూసింది.

"ఇది ఎవరి గొంతు ఎల్లక్కా?"

"నాదైతే కాదు సార్."

"అక్కా!" అంది స్తుతి.

"నువ్వూకో. ఈ పిల్లకు నిద్రల్లేక మతి పోయింది సార్. నా సీటు ఇడిసిపెట్టి నేనెందుకు కూసుంట ఆడ? నా గొంతు నాకు తెల్వదా?"

నిరంజన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తల దించుకుని, జాబితా ఉన్నదున్నట్టే పంపించాడు.

మెట్ల మీద స్తుతి ఆమె చెయ్యి పట్టుకుని ఊపేసింది. "ఎందుకు అబద్ధమాడినవ్? ఎవలు ఆడుమన్నరు నిన్ను?"

"మరి నిన్ను చెప్పుమని ఎవలన్నరే? రూలు ఇన్నవ్ గదా. ఇద్దరం పోవాల్నా? నాకు చెలకుంది, పోయి పత్తి ఏరుకుంట. నీకేమున్నది, ఆ ఫొటోలాయన తప్ప?" ఎల్లక్క నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. కళ్లు తుడుచుకుని చరచరా దిగిపోయింది. స్తుతికి ఆమె మీద ఎంత కోపం వచ్చిందంటే, అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఒకటో తారీఖున ఆఫీసులో రెండు కుర్చీలే మిగిలాయి. మిషను ఏ కాల్స్‌తో నేర్చుకుందో ఆ మంచి కాల్స్‌ను విని, సరిగ్గా ఉన్నాయో లేదో చూడడం మొదటి పని. స్తుతి హెడ్‌సెట్ పెట్టుకుంది. చెవిలో ఎల్లక్క. తెర మీద, మాట్లాడినవారు అన్న గడిలో, స్తుతి.

తన పేరు కొట్టేసింది. ఎల్లక్క అని రాసింది. తర్వాతి కాల్ తెరిచింది. అందులోనూ ఎల్లక్కే, అక్కడా తన పేరే. కొట్టేసి రాసింది. వారం తర్వాత వేళ్లు ఎల్లక్క పేరును చూడకుండానే టైపు చేయడం నేర్చుకున్నాయి.

నిరంజన్ వెనక వచ్చి నిలబడ్డాడు. "స్తుతీ, గివన్నీ హైదరాబాద్ల చదువుతరు. నీ కుర్చీ ఉండదు మళ్ల."

స్తుతి తల తిప్పలేదు. "చదవనియ్యుండ్రి సార్. తప్పులు దిద్దుమనే గదా నన్ను ఉంచిండ్రు."